బతికిన కాలేజీ

1964 వేసవి, మైపాడు. నరసయ్య తన ఇంటి ముందు తాటాకు పందిరి కింద, చినిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. చెల్లెలు గురవమ్మ, తన కూతురు మస్తానమ్మకు పెళ్ళిళ్ళ మధ్యవర్తి ఓబయ్య చెప్పిన పెళ్ళికొడుకును చూసి రావడానికి మద్రాసు పోయి నిన్న రాత్రే తిరిగొచ్చింది. ఎండ రాకముందే ఆమె వచ్చి ఎదురుగా చతికిలబడేసరికి, ఆయన తలెత్తకుండా వలలో చిరుగులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన భార్య పేరమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది.

“కాలేజీనే అన్నా. ఓబయ్య అబద్ధం చెప్పలా. పిల్లోడికి మద్రాసులో కాలేజీ ఉజ్జోగం అన్నాడు. కాలేజీలోనే ఉండాడు.”

“మంచిదే గదా మరి.”

“మంచిదే. చానా పెద్ద కాలేజీ. చుట్టూరా చెట్లు, మధ్యలో మడుగు. చదువుకొనేవాళ్ళు గూడా మర్యాదస్తులు. ఒకరు కొమ్మ పట్టుకోని యాలాడతా ఉండారు. ఇంకొకరు బురదలో పొర్లతా ఉండారు. ఒకాయన కటకటాల వెనకాల పండుకోని ఆవలిస్తా ఉండాడు. ఆయనకు మీసాలు గూడా ఉండాయి. ప్రిన్సిపాలేమో.”

“ఊఁ.”

“ఏందన్నా, నవ్వు రాలా?”

“వల చూసుకుంటా ఉండా.”

“చూసుకో, చూసుకో. చిరుగు పెద్దదే.”

“పొద్దన్నే వచ్చి ఎందుకట్లా పొడుస్తావు? ఏమైందో చెప్పు.”

“చెప్తానే ఉండా గదా. ఎండుచేపల గంపతో మాలకొండమ్మ మద్రాసు పోతుంటే ఆమె తోడు పోయినానా. సెంట్రల్లో రైలు దిగినామా. ‘కాలేజీ యాడుండాదయ్యా’ అని ఒక రిక్షావోణ్ణి అడిగినా. వాడు నన్ను కిందికీ మీదికీ చూసి, ‘సచ్చిన కాలేజా, బతికిన కాలేజా’ అన్నాడు. చదువులు చెడిపోయినాయంటే విన్నాగానీ, కాలేజీలు సచ్చిపోతాయని నాకేం తెలుసు. ‘నాయనా, పిల్లనిచ్చే సంబంధం, బతికిందానికే తోడుకోనిపో’ అన్నా. వాడు రిక్షా గూడా ఎక్కించుకోలా. ‘అదో, ఆ పక్కనే, నడిచిపో’ అన్నాడు.”

“మద్రాసులో అట్నే అంటారులే. ఎగ్మూరులో మ్యూజియం ఉండాది గదా, సచ్చిన జంతువుల్ని లోపల గడ్డి కూరి నిలబెట్టి ఉంటారు. దాన్ని సచ్చిన కాలేజీ అంటారు. బతికిన జంతువులుండే జూని బతికిన కాలేజీ అంటారు.”

“ఓహో. తెలుసన్నమాట.”

“అందరికీ తెలిసిందే.”

“మైపాట్లో అందరికీ తెలుసా? నాకు తెలీదే. ఈ ఊళ్ళో మద్రాసు హార్బర్లో రెండేండ్లు మూటలు మోసినోడివి నువ్వొక్కడివే. ఓబయ్య ఈ పందిట్లోనే కూర్చోని ‘కాలేజీలో ఉజ్జోగం’ అంటా ఉంటే, ‘ఏ కాలేజీరా ఓబయ్యా’ అని ఎందుకు అడగలా?”

“తోచలా.”

“తోచలా.”

“అవును, తోచలా. మనిషన్నాక తోచకుండా ఉండదా?”

“ఉంటాది. అవసరమైనప్పుడే ఉంటాది.”

లోపలినుంచి పేరమ్మ కేకేసింది, “గురవమ్మా, చద్దన్నం తింటావా? ఉప్పుచేప కాలుస్తా ఉండా.”

“తింటా వదినా. బాగా కాల్చు. ఆ కాలేజీలో వేసే చేపల్ని చూసినాక నా నోరు చప్పబడిపోయింది.”

“చూడు గురవమ్మా, నచ్చకపోతే మానుకో. బలవంతమేముంది. ఓబయ్యకు నేను చెప్పుకుంటా, వద్దని.”

“అంత తొందరెందుకన్నా? నేనింకా గేటు దాటలా.”

“దాటినావు గదా, అన్నీ చూసినావు గదా.”

“చూసినా. చూసింది చెప్పకుండా ఎట్లా? టిక్కెట్టు కొన్నా. జంతువుల్ని చూడను టిక్కెట్టంట. లోపలికి పోయినాక నాకు అనుమానమొచ్చింది, ఎవురు ఎవుర్ని చూడనొచ్చినారా అని. జరీపంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన గొడుగు కర్రతో సింహాన్ని పొడస్తా ఉండాడు, గర్జించమని. పెండ్లాం బిడ్డలు వెనకాల నిలబడి కాచుకోని ఉండారు. ఆ సింహం ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి మళ్ళీ మూసుకోనింది. ఇంట్లో బియ్యం లేవని చెప్తే మొగుడు చూసినట్టు.”

“మా ఇంట్లో ఎప్పుడన్నా బియ్యం లేకపోయినాయా?”

“నిన్నన్నానా? లోకంలో ఇంకా మొగుళ్ళు ఉండారు. తర్వాత మొసలి కాడ పెద్ద పంచాయితీ జరగతా ఉండాది. అది బతికుండాదా, సిమెంటుతో చేసి పెట్టినారా అని. ఒక మేష్టరు సిమెంటే అంటాడు. సిమెంటుకు పళ్ళెందుకు పెడతారని ఇంకొకాయన. తేల్చుకోను ఇద్దరూ రాళ్ళేసినారు. దాని వీపు మీద టపటపా పడతా ఉండాయి. అది కదల్లా, మెదల్లా, కన్నార్పలా. అట్లా రాళ్ళేస్తా ఉంటే గమ్మునుండే విద్య దానికెవురు నేర్పినారో.”

“నన్నెందుకు చూస్తావు?”

“ఎదురుగా ఉండావు గదా, అందుకు. కోతుల సంగతి చెప్పాల్నా? నా వక్కాకు సంచి లాక్కోని పైకెక్కేసింది ఒకటి. ఆకు తీసి పారేసింది, వక్క నమిలి ఉమ్మేసింది, సున్నం కాయ మూత తీసి వాసన చూసి నా మొకాన కొట్టింది. జనమంతా చప్పట్లు. ఒక టిక్కెట్టుకు రెండు జంతువుల్ని చూసినట్టయింది వాళ్ళకు.”

“మాలకొండమ్మ ఏం చేస్తా ఉండాది?”

“ఆమె గూడా చప్పట్లు కొట్టింది. ఆ పక్కన గూడబాతులు. మడుగు చుట్టూ కంచె కట్టి పెట్టినారు. మనం వల లాగేటప్పుడు మీదపడి చేపలు దోచుకుంటే కర్రలతో తరుముతామే, ఆ దొంగముండలే. పులికాటు చెరువు నించే తెచ్చినారంట. అక్కడ వాటి యోగం చూడాల. వాటికి పేరు బోర్డు. వేళకు చేప. ఒక కాపలా మనిషి. ఆ కాపలా మనిషే మనవాడు.”

“మనవాడేంది? ఎవురు మనవాడు?”

“పెండ్లికొడుకన్నా. ఇంకెవురనుకున్నావు?”

“అదే. అదే అడిగినా.”

“గంప చంకన పెట్టుకోని వాటికి చేపలు విసరతా ఉండాడు. ఆ చేపల్ని నేనైతే పిల్లి ముందర గూడా వెయ్యను, పిల్లికి కోపమొస్తాది. ఆ బాతులు మాత్రం నోరు తెరుచుకోని కాచుకోని ఉండాయి, మంత్రిగారొస్తే మన ప్రెసిడెంటు నిలబడినట్టు.”

“గురవమ్మా, పిల్లోడు ఎట్లుండాడు? సన్నంగా ఉండాడా?”

“సన్నమే వదినా. పెట్టేవాళ్ళు యాడుండారు. తల్లి పోయిన యేడే పోయిందంట.”

“సరిగ్గా తింటాడా?”

“కంచం ముందర కూర్చోబెట్టి చూడలా వదినా. బాతులు తినేదే చూసినా.”

“నువ్వెవురని చెప్పుకున్నావు వాడికి?”

“ఎవురనీ చెప్పలేదన్నా. నెల్లూరు తట్టునించి ఊరికే చూడనొచ్చినామన్నా. తెలుగు మాట చెవిన పడేసరికి వాడు గంప కడిగి పక్కన పెట్టి, మమ్మల్ని వెంటేసుకోని అంతా తిప్పినాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు. నడమ నడమ అరవం తగల్తాది, బియ్యంలో రాయి మాదిరి. గానీ మాట మెత్తన. చానా మెత్తన. ఎవురి కాడ నేర్చుకున్నాడో.”

“వాళ్ళమ్మ కాడ నేర్చుకోనుంటాడు.”

“వాళ్ళమ్మ తెలుగామె అని నీకెట్ల తెలుసు?”

“ఓబయ్య చెప్పినాడు. చెప్పలా? చెప్పినట్టే గుర్తు.”

“చెప్పే ఉంటాడులే. ఓబయ్య నాకు చెప్పనివి నీకు చానా చెప్పినాడు.”

“ఎందుకు గురవమ్మా ఇదంతా? నచ్చలా, వదిలెయ్. మస్తానమ్మకు సంబంధాలు కరువా? కోట ఊళ్ళో నాకు తెలిసినోళ్ళు ఉండారు. ముత్తుకూరులో ఉండారు.”

“ఉంటారు. నీకు తెలీనోళ్ళు యాడుండారు? ముందు నన్ను చెప్పనీ. ఆ కాలేజీ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పినాడు పిల్లోడు. వందేండ్ల ముందర ఎగ్మూరు మ్యూజియంలో ఒక దొర ఉండేవోడంట. సచ్చిన జంతువుల్ని వరసగా నిలబెట్టి, జనం వస్తారని కాచుకోనుండేవోడంట. ఎవురూ రాలా. ఊళ్ళో సచ్చేది చాలదా, టౌనుకు పోయి గూడా చూడాల్నా. ఒకరోజు ఒక పులిపిల్లను తెచ్చి వాకిట్లో కట్టేస్తే జనం విరగబడినారంట. అప్పుడు దొరకు తెలిసొచ్చిందంట, మనిషికి కదిలేదే కావాలని. కర్ణాటక నవాబును అడిగితే ఆయన తన కాడున్న మృగాలన్నీ ఇచ్చేసినాడంట. ప్రేమతో ఇచ్చినాడో, మేపలేక ఇచ్చినాడో. మ్యూజియంలో చోటు చాలక ఈ సెంట్రల్ పక్కన తోటలోకి మార్చినారంట.”

“అదంతా మనకెందుకు?”

“తెలుసుకుంటే తప్పేముంది? పెద్దింటి సంబంధం, నవాబుల కాలం నాటిది. ఇంకో మాటన్నాడు పిల్లోడు, నాకు నవ్వాగలా. ‘రాష్ట్రం చీలినప్పుడు మద్రాసు మాదని మీవాళ్ళు అంత అరిచినారు గదమ్మా, ఈ జంతువుల్లో వాటా ఒక్కరన్నా అడిగినారా’ అన్నాడు. ‘అడగలేదు నాయనా, అడిగుంటే మా వాటాకు కోతులొచ్చుండేవి. అవి మాకు ముందే ఉండాయి, ఎలక్షన్లప్పుడు జీపుల్లో తిరగతా ఉంటాయి’ అన్నా. వాడు నవ్వినాడు.”

“ఊఁ.”

“హైదరాబాదులో కొత్తగా పెద్ద జూ పెట్టినారంట గదా, కటకటాలు ఉండవంట, చుట్టూ కందకం తవ్వి జంతువుల్ని బయటే వదిలేస్తారంట. వాడికి అక్కడికి పోవాలని ఆశ. ‘అక్కడైతే పులి గడ్డి మీద నడస్తాదమ్మా, ఇక్కడ తిరిగిన చోటే తిరిగి పిచ్చిదైపోతాది’ అంటా ఉండాడు. ఇట్లా అన్నీ నవ్వతా చెప్పినోడు, ఒక బోను కాడ నిలబడి నవ్వడం మానేసినాడు.”

“ఏ బోను?”

“పులి బోను. ఇప్పుడున్న పులి కొత్తదంట. పాతవి లేవంట. యుద్ధంలో జపానోడు బాంబులేస్తే బోనులు పగిలి పులులు ఊరిమీద పడతాయని, పోలీసుల్ని పిలిపించి కాల్పించేసినారంట. పులులు, సింహాలు, ఎలుగ్గొడ్లు, అన్నిటినీ. నీకు తెలుసా?”

“విన్నా.”

“విన్నావా, చూసినావా?”

“విన్నా అంటా ఉండా గదా. అప్పటికే జనం ఊరిడిసి పరిగెత్తినారు. సెంట్రల్లో కాలు పెట్టను సందు లేదు. రైలు కప్పుల మీద గూడా మనుషులే. ఎవురి ప్రాణం ఎవురికి చేదు?”

“ఎవురికీ చేదుగాదు. బోనులో ఉన్నోటికి గూడా చేదుగాదు. తాళం లేనోళ్ళంతా పరిగెత్తినారు. తాళమున్నవి సచ్చినాయి. ఆ బాంబులేస్తాడన్న జపానోడు మాత్రం రాలా.”

“అప్పుడట్లా భయపెట్టినారు. ఊరు ఖాళీ చెయ్యమని సర్కారే చెప్పింది.”

“చెప్పింది, చెప్పింది. నువ్వు గూడా ఆ రైల్లోనే గదా వచ్చింది. నాకు బాగా గుర్తుండాది. నేనప్పుడే కాపురానికి వచ్చినా. ఒక రేకుపెట్టె, ఒక గొడుగు తెచ్చినావు. వదిన నీ కాళ్ళకు నీళ్ళిస్తే, ‘ఉన్నదంతా వదిలేసి వచ్చినా పేరమ్మా’ అని ఏడ్చినావు. మేము హార్బరు ఉజ్జోగం అనుకున్నాం.”

నరసయ్య తలుపు వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“ఏందే నీ మాటలు? ఏం చెప్పాలని వచ్చినావు?”

“జూ చూసొచ్చింది చెప్తా ఉండా. అయిపోవచ్చింది. ఇంక బయటికి వచ్చే దారిలో ఉండాం. ‘ఆ యేడు నువ్వు పుట్టి గూడా ఉండవు గదా నాయనా, చూసినట్టే చెప్తా ఉండావే’ అన్నా. ‘పుట్టలేదమ్మా, మా అమ్మ కడుపులో ఉండా’ అన్నాడు. ఆమె ఆ జూ గేటు కాడే శనక్కాయలమ్మేదంట. ఊరంతా ఖాళీ అయినా ఆమె పోలేదంట.”

“ఎందుకు పోలా?”

“పోను ఊరు లేక. తోడుకోనిపోయేవాళ్ళు లేక. గేటు బయట కూర్చోని ఆ తుపాకుల మోతంతా వినిందంట. కడుపులో వీడు ఒకటే తన్నడమంట. ‘అందుకే నాకు ఈ ఉజ్జోగం రాసిపెట్టుండాదమ్మా’ అని నవ్వతా ఉండాడు. ఎట్లా నవ్వు వచ్చిందో వాడికి. ‘మరి మీ నాయనో’ అన్నా. ‘హార్బర్లో పనిచేసేవోడంట. జపానోడి బాంబు పడి పోయినాడంట, మా అమ్మ చెప్పేది’ అన్నాడు.”

“పాపం.”

“పాపమే. అన్నా, ఆ వేసవిలో మద్రాసు మీద ఎన్ని బాంబులు పడినాయి?”

“నాకేం తెలుసు?”

“నీకు తెలీకపోతే ఎవురికి తెలుస్తాది? ఆర్నెల్లు ఈ పందిట్లో కూర్చోని యుద్ధం కథలే గదా చెప్పింది. ‘ఒక్కటి గూడా పళ్ళా, ఉత్తపుణ్యానికి పరిగెత్తినాం’ అని ఊరంతటినీ నవ్వించినావు. పడని బాంబుకు సచ్చినోడు మద్రాసు మొత్తంమీద ఆ పిల్లోడి నాయనొక్కడే.”

“గురవమ్మా, ఈ సంబంధం వద్దు. పెద్దోణ్ణి చెప్తా ఉండా, విను.”

“ఎందుకు వద్దు?”

“పులుల మధ్య ఉజ్జోగం. రేపు ఏదన్నా అయితే ఆ బిడ్డ గతేంది?”

“మస్తానమ్మ నాయన్ని పులి తినిందా? సముద్రం మీద పోయినాడు. అయినా వాడు చూసేది బాతుల్ని. బాతు చేతిలో సచ్చిన మనిషిని నేనింతవరకు వినలా.”

“ముందూ వెనకా ఎవురూ లేనోడు. ఇంటిపేరు తెలీదు. వాడి నాయనెవురో తెలీదు. ఊళ్ళో అడిగితే ఏం చెప్తావు?”

“ఆ మాట నీ నోటితోనే అనాల్నా అన్నా?”

“ఏమన్నానిప్పుడు?”

“ఏం అనలా. పిల్లోడి పేరు ఆనందబాబు అని ఓబయ్య చెప్పినాడు గదా. ఉజ్జోగంలో అదే పేరు. మేము గేటు దాటతా ఉంటే, అక్కడ శనక్కాయలమ్మే ముసిలామె వాణ్ణి కేకేసింది, ‘ఒరే గంగులూ’ అని. నేను ఆగిపోయినా. ‘ఈ అరవదేశంలో అదేం పేరు నాయనా’ అన్నా. ‘మా అమ్మ అట్నే పిలిచేదమ్మా. మా నాయన వాళ్ళ నాయన పేరంట, పెద్దకొడుక్కి తాత పేరు పెట్టాలంట గదా’ అన్నాడు.”

నరసయ్య చేతులు వలలో అట్లాగే ఉండిపోయాయి.

“మన నాయన పేరేందన్నా? ఏండ్లైపోయినాయి, మరిచిపోయినట్టుండావు. గంగులయ్య.”

“మెల్లగా మాట్లాడు.”

“మేనల్లుడని ఒక్క మాట చెప్పుంటే, నేను టిక్కెట్టు కొని చూసొచ్చేదాన్నా?”

“మెల్లగా అంటా ఉండా గదా. మీ వదిన వింటాది. దానికి తెలీదు. ఈ రోజు దాకా తెలీదు.”

“తెలీదా, నీకు తోచలేదా, చెప్పాలని?”

“ఎట్లా చెప్పేది? పెండ్లై మూడేండ్లు, కడుపు పండలేదని అప్పటికే అది రాత్రుళ్ళు ఏడస్తా ఉండేది. అక్కడొకామె కడుపుతో ఉండాదని వచ్చి చెప్పమంటావా? తిరిగిపోదాంలే, ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నా. యుద్ధం అయిపోయినాక పోదామనుకున్నా. అయిపోయినాక మొకం చెల్లలా. బిడ్డ పుట్టినాడో లేదో గూడా నాకు తెలీదు గురవమ్మా.”

“తెలీకుండానే పెండ్లి సంబంధం పంపినావా?”

“నేను పంపలా. అమ్మతోడు, నేను పంపలా. ఓబయ్య ఈ పందిట్లో కూర్చోని, బతికిన కాలేజీ గేటు కాడ శనక్కాయలమ్మిన తెలుగామె కొడుకని నా చెవిలో చెప్పినప్పుడే నాకు తెలిసింది. నీ ముందర మాత్రం కాలేజీ ఉజ్జోగం అని సర్దుకున్నాడు. నేను వద్దంటే ఎందుకంటారు. సరేనంటే ఇదీ. మీ వదినేమో మంచి సంబంధం, మంచి సంబంధం అని ఒకటే పోరు.”

“అందుకని తల్లో మెదడు తీసి పక్కన పెట్టి గమ్మునుండావు. ఆ మొసలికి గురువు నువ్వే.”

“తిట్టు. తిట్టేదానికి నీకు హక్కుండాది. గానీ ఈ పెండ్లి మాత్రం వద్దు.”

“ఎందుకు వద్దు? మేనరికం. పోయి పోయి నా అన్న కొడుక్కే ఇస్తా ఉండా. సర్కారు జీతం, తాగుడు లేదు, మాట మెత్తన. ముసిలామె కేకేస్తే పరిగెత్తి పోయి ఆమె గంప నెత్తికెత్తినాడు. నాకు పిల్లోడు నచ్చినాడన్నా. నచ్చంది నువ్వే.”

“వాడు నా ఇంటి వాకిట్లో నిలబడితే, వాడి మొకం, నా మొకం పక్కపక్కన చూస్తే మీ వదిన ఏమైపోతాది? ఒక్క బిడ్డ లేదు దానికి. నన్ను నమ్ముకోని ఇన్నేండ్లు బతికింది. ఈ వయసులో దానికి ఈ దెబ్బ కొట్టమంటావా?”

“ఇప్పుడు గుర్తొచ్చిందా వదిన మీద జాలి?”

“నీ కాళ్ళు పట్టుకుంటా గురవమ్మా.”

“పట్టుకోబాక, వదిలి పరిగెత్తే అలవాటు నీకు. ఇంతకీ నువ్వు పంపకపోతే ఓబయ్య ఎట్లా పోయినాడు? అంత మద్రాసులో సరాసరి నా మేనల్లుడి కాడికే పోయి నిలబడినాడా? ఎవురు చెప్పినారు వాడికి?”

“నేను చెప్పినా.”

పేరమ్మ చద్దన్నం కంచం తెచ్చి గురవమ్మ ముందు పెట్టింది. కాల్చిన ఉప్పుచేప ముల్లు తీసి పక్కన పెట్టింది.

“వదినా.”

“తిను, ఆరిపోతాది. ఓబయ్యకు నేనే చెప్పినా. వాళ్ళమ్మ పోయేముందర మాలకొండమ్మతో కబురంపింది. మీ అన్నకు గాదు, నాకు. ‘అక్కా, వాడు ఒంటరోడైపోతాడు’ అని. అక్కా అనింది. అంతకుముందు నా పేరు గూడా తెలీదంట ఆమెకు.”

“పేరమ్మా, నేను...”

“నువ్వు వల చూసుకోవయ్యా.”

“నీకు కోపం రాలేదా వదినా?”

“ఎందుకు రాలా? పోయిన యేడు ఒక నెలంతా పులుసులో ఉప్పెక్కువైందని ఈయన రోజూ అరవలా? అదే నా కోపం. అది అయిపోయినాక కూర్చోని ఆలోచించినా. నాకు బిడ్డ లేదు. వాడికి ఇల్లు లేదు. కొడుకని తెస్తే ఊరు నవ్వుతాది, వాడి అమ్మను నోటికొచ్చినట్టు అంటారు. ఏం చెయ్యాలో తోచలా. ఒకరోజు నీళ్ళ కాడ మస్తానమ్మ ‘అత్తా’ అని పిలిచింది, అప్పుడు తోచింది.”

“ఏం తోచింది?”

“మేనకోడలి మొగుడు మాకు కొడుకు వరస గదా గురవమ్మా. వాడు ఈ వాకిట్లో నిలబడి మీ అన్నను నాయనా అని, నన్ను అమ్మా అని పిలిస్తే, ఎందుకని ఈ ఊళ్ళో ఒక్కరు గూడా అడగరు.”